తోక తెగిన వార్త

మా ఆయన హెడ్డింగు రాస్తున్నంతసేపూ ఇంట్లో ఎవరూ గట్టిగా తుమ్మకూడదు. పెన్సిల్ చెవి మీద పెట్టుకుంటారు, తీస్తారు, కొస కొరుకుతారు, అక్షరాలు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటారు. పేపర్లో హెడ్డింగుకి రెండు వరసలు. ఆ రెండు వరసల్లో మాట అటు పొంగకూడదు, ఇటు వెలితి పడకూడదు. "చదివేవాడు మెట్లు దిగినట్టు దిగాలోయ్. అసలు సంగతి ఆఖరి మెట్టు మీద ఉండాలి" అనేవారు. పెళ్ళయిన కొత్తలో నోరు తెరుచుకుని విన్నాను. తర్వాత్తర్వాత, "ముందు అన్నానికి లేవండి మహానుభావా, మెట్లు తర్వాత దిగుదురుగాని" అనడం మొదలుపెట్టాను.

మాది నాలుగు పేజీల చిన్న దినపత్రిక. కింద ఆఫీసు, వెనక రేకుల షెడ్డులో ప్రెస్సు, పైన మేం. ఏ వీధికి నీళ్ళు రావో, ఏ బస్సు వేళ మారిందో, ఎవరింట్లో ఎవరు పోయారో మా ఊరికి మా పేపరే చెప్పాలి. చెప్పాలి అని మేం అనుకునేవాళ్ళం. ఊరు మాత్రం మెల్లగా పేపరు మానేస్తోంది. "అందరూ ఫోన్లోనే చదువుతున్నారు నాన్నా, మనం కూడా ఫోన్లోకి ఎక్కాలి" అని మా అమ్మాయి వెంటపడి, బతిమాలి, ఆఖరికి రెండు రోజులు మాట్లాడ్డం మానేసి మరీ ఒక యాప్ పెట్టించింది. వార్త వేయగానే దాని హెడ్డింగు అందరి ఫోన్లలోనూ టింగుమని మోగుతుంది. నొక్కితే వార్తంతా వస్తుంది. కింద ఎవరికి తోచింది వాళ్ళు రాయొచ్చు.

ఆ కింద రాసేవి మా ఆయన చదవనని భీష్మించుకున్నారు. "ఉత్తరం రాసేవాడు కింద పేరు రాస్తాడు. ఈ ఇస్త్రీపెట్టెలకీ, కొంటెకోణంగులకీ నేను జవాబు చెప్పాలా?" అన్నారు. ఇస్త్రీపెట్టె అంటే ఒక పాఠకుడు పెట్టుకున్న పేరు. మగో ఆడో, చిన్నో పెద్దో ఎవరికీ తెలీదు.

"అయితే అమ్మ చూస్తుంది. అమ్మకి నోరుంది కదా" అంది మా అమ్మాయి.

పొగిడిందో తిట్టిందో ఇప్పటికీ తేల్చుకోలేదు గానీ ఆ పని నా నెత్తిన పడింది. చెప్పొద్దూ, నాకు తెగ నచ్చింది. ఒకాయన "మీ పేపరు చదివితే నిద్రొస్తోంది" అని రాస్తే, "నిద్రమాత్రలు మానేసి చందా కట్టండి" అని జవాబిచ్చాను. ఊరంతా నవ్వుకున్నారట. ఈ ఇస్త్రీపెట్టె మాత్రం ఒకటే పాట. "మీ వార్తలకి తోకలుండవా?" అని ఓసారి, "ఇవాళ కూడా తోక తెగింది" అని ఓసారి. ఏమిటీ వెటకారం అని నాకు ఒళ్ళు మండి, "తోకలు కావాలంటే జూకి వెళ్ళండి" అని రాశాను. మా ఆయన కూడా పగలబడి నవ్వారు. అందులో ఒక మనిషి మాకేదో చెప్తున్నాడని మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

ఇంక మా వదిన సంగతి చెప్పాలి. మా ఆయనకి అక్క. మెట్ల పక్క గది ఆవిడది. బడి క్యాంటీన్లో వంట చేస్తుంది. పొద్దున్నే గొడుగేసుకుని వెళ్తే మధ్యాహ్నం గిన్నెలన్నీ బోర్లించాకే రావడం. నోట్లో మాట ఆగదు. తమ్ముడు పెన్సిల్ కొరుకుతూ కనపడితే చాలు, "వీడు పుట్టగానే ఏడవలేదే, ఏడుపుకి హెడ్డింగు వెతుక్కుంటున్నాడేమోనని మంత్రసాని ఒకటిచ్చింది" అనేది. ఆయన తల ఎత్తకుండానే, "అక్కా, నీ వంట తిని బతికానంటేనే నేనెంత గట్టి పిండమో తెలుస్తోంది" అనేవారు. వాళ్ళిద్దరికీ ప్రేమంటే అదే.

ఆ ఏడాది బడులు తెరిచిన వారానికే వానలు దిగాయి. దిగినవి దిగినట్టే ఉన్నాయి. వీధుల్లో నీళ్ళు, గోడల్లో చెమ్మ, ప్రెస్సులో కాగితం మెత్తబడిపోయి మిషను మాటిమాటికీ మొరాయించేది. ఒక మధ్యాహ్నం వదిన ఎప్పుడూ లేనిది వేళ కాని వేళలో వచ్చింది. గొడుగు చంకలోనే ఉంది, మనిషి నిలువునా తడిసిపోయింది.

"పిల్లలకి వాంతులే" అంది. "ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు. క్యాంటీన్ మూసేశారు."

మా ఆయన ఆస్పత్రికి పరిగెత్తారు. చాలామంది పిల్లలు సాయంత్రానికి తేరుకున్నారు. రెండో క్లాసు పాప ఒకతి మాత్రం ఉండిపోవాల్సి వచ్చింది. వదినకి ఆ పిల్లంటే ప్రాణం. వంటగది కిటికీకి గడ్డం ఆనించి, "ఇవాళేంటి?" అని రోజూ అడిగేదట ఆ పిల్ల. మర్నాడు వదిన చూడ్డానికి వెళ్తే, పిల్ల తల్లి గుమ్మంలోనే ఆపేసింది. "మీరు చేసింది చాలు, వెళ్ళండి" అంది. ఆ మాట వదిన మాతో చెప్పి ఊరుకుంది గానీ, ఆ రోజు నుంచీ ముద్ద దిగితే ఒట్టు. కడిగిన గిన్నెలే తీసి మళ్ళీ కడిగేది.

"వదినా, చేతులు పోతాయి, పెట్టెయ్" అన్నాను.

"ఏదైనా అంటుకుని ఉందేమోనే. నేనే సరిగ్గా తోమలేదేమో" అంది. ఇరవై ఏళ్ళుగా ఈ మనిషి ఏ విషయంలోనైనా 'ఏమో' అనగా నేను వినలేదు.

మా ఆయన ఆ రోజు వార్త వేశారు. పిల్లలకి జబ్బు చేసింది, అన్నమూ నీళ్ళూ పరీక్షకి పంపారు, అంతే. ఎవరి తప్పన్నది రాయలేదు. ఫోన్లో కింద ఒకటే గోల. "వంటామె సంగతి రాయరేం?" "సొంత అక్క కదా, ఎలా రాస్తారు?" "పేపరా, ఇంటి గోడా?" నేను చీరి చెండాడబోతుంటే మా ఆయన ఆపారు.

"వాళ్ళడిగిందాంట్లో తప్పేముంది? రిపోర్టు రానీ. అక్కదని తేలినా అదే రాస్తాను, కాదని తేలినా అదే రాస్తాను."

"అక్కదని తేలితే ఈ ఇంట్లో నీకు అన్నం ఎవరు పెడతారు నాన్నా?" అంది మా అమ్మాయి.

"మీ అత్తే పెడుతుంది. అదే నా బాధ" అన్నారాయన.

రిపోర్టు రావడానికి వారం పట్టింది. వచ్చిన సాయంత్రం మా ఆయన దాన్ని ఆఫీసులో నిలబడే చదివి, అదే నడకన వచ్చి వదిన గుమ్మం ముందు నిలబడ్డారు.

"అక్కా, నీళ్ళు. బడి వెనక గొట్టం పగిలి మురుగు కలిసింది. అన్నంలో ఏం లేదు, కూరలో ఏం లేదు."

వదిన గడప మీదే కూలబడిపోయింది. "మళ్ళీ చదువు" అంది. చదివారు. "కూర సంగతి మళ్ళీ చదువు" అంది. అదీ చదివారు. అంతలోనే హెడ్మాస్టర్ ఫోను చేసి, రేపు పొద్దున వచ్చి వంటగది తాళంచెవి తీసుకోమన్నాడు. కొత్త గొట్టం వేసే పని అప్పటికే మొదలుపెట్టారట. ఆ పూట వదిన రెండుసార్లు వడ్డించుకుంది.

మా ఆయన కిందకెళ్ళి హెడ్డింగు రాశారు. నేను కాఫీ తీసుకెళ్ళేసరికి కాగితం నా వైపు తిప్పారు. ఎప్పుడూ అలా చూపించరు.

*బడి పిల్లల అస్వస్థతకు క్యాంటీన్ వంటామె చేతి వంట కారణం కాదు.*

రెండు వరసలూ నిండుగా సరిపోయాయి. "ఎలా ఉంది?" అన్నారు.

"ఆఖరి మెట్టు బాగుంది" అన్నాను. నిజంగానే బాగుంది మరి.

మర్నాడు పొద్దున నేను రొట్టెల కొట్లో ఉన్నాను. వాన పడుతోందని నలుగురైదుగురు ఆడవాళ్ళు గొడుగులు ముడిచి లోపలే నిలబడ్డారు. మా యాప్ వార్త మోగే వేళ అది. టింగుమంది ఒకరి ఫోను. వెంటనే ఇంకొకరిది, కొట్టువాడిది కూడా. నేను లోలోపల మురిసిపోతున్నాను. చదవండి తల్లుల్లారా, చదివి నాలుగిళ్ళలో చెప్పండి అనుకుంటున్నాను.

"చూశారా, ఆవిడ వంటేనట" అంది నీలం రెయిన్‌కోటు వేసుకున్నావిడ.

"నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నాను" అంది పక్కావిడ.

నాకు కోపం నషాళానికంటింది. "ఎవరండీ మీకు చెప్పింది? నోటికొచ్చినట్టు మాట్లాడతారేం? రిపోర్టులో శుభ్రంగా ఉంది, వంట కాదు, నీళ్ళని!"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "నా మీద అరుస్తారేంటి? మీ పేపరే చెప్పిందండీ" అని ఫోను నా మొహం ముందు పెట్టింది.

*బడి పిల్లల అస్వస్థతకు క్యాంటీన్ వంటామె చేతి వంట కారణం…*

అక్కడితో వరస అయిపోయింది. తర్వాత మూడు చుక్కలు.

"ఇది... ఇంకా ఉందమ్మా. నొక్కండి, నొక్కితే మిగతాది వస్తుంది" అన్నాను.

"నొక్కడమెందుకు? అర్థమైందిగా" అని ఆవిడ రొట్టె తీసుకుని వెళ్ళిపోయింది.

నేను రొట్టే మర్చిపోయాను, గొడుగూ మర్చిపోయాను. తడుస్తూ ఇంటికొచ్చి పడ్డాను. మా ఆయన ఆఫీసులో ఆ రోజు పేపరు ముందేసుకుని ప్రశాంతంగా కూర్చున్నారు.

"ఏం రాశారండీ మీరు?"

"ఏం రాశాను? నువ్వు చూశావుగా." పేపరు ఎత్తి చూపించారు. కాదు అన్న మాట రెండో వరస చివర నిక్షేపంగా ఉంది.

"ఫోన్లో లేదది!"

మా అమ్మాయి తన ఫోను తీసి చూసింది. దాందేమో పెద్ద ఫోను, కొత్తది. అందులో 'కాదు' కనిపిస్తోంది. "ఉందమ్మా, ఇదిగో" అంది. అంటూనే ఆగిపోయి, ప్రెస్సులో మిషను తిప్పే తాతగారి పాత ఫోను అడిగి తెచ్చింది. చూసింది. పిల్ల మొహంలో నెత్తురుచుక్క లేదు.

"నాన్నా, చిన్న ఫోన్లలో చివర తెగిపోతోంది. ఇన్ని రోజులూ తెగుతూనే ఉందన్నమాట." ఆ ఫోను మా ముందు పెట్టి, "ఇస్త్రీపెట్టె తోక, తోక అన్నది ఇదే" అంది.

మా ఆయన పాత ఫోను చేతిలోకి తీసుకున్నారు. కళ్ళజోడు తీసి చూశారు, పెట్టుకుని చూశారు. నేను తిడదామనే వచ్చాను. ఆయన మొహం చూశాక ఆ తిట్లు మింగేశాను. మన భాషలో అవునూ కాదూ తేలేది చివరి మాటతోనే. ఆయన జీవితమంతా ఆ చివరి మాటని చెక్కుతూ కూర్చున్నారు. ఫోను సరిగ్గా దాన్నే కోసేసింది.

వదిన అప్పుడే వచ్చింది బడి నుంచి. చేతులు ఖాళీగా ఉన్నాయి.

"గేటు దగ్గర తల్లులు నిలబడి ఉన్నారు" అంది. "హెడ్మాస్టర్ బెదిరిపోయాడు. రెండు రోజులు ఆగుదాం అన్నాడు. అందరూ ఫోన్లు చూపిస్తున్నారురా తమ్ముడూ. నువ్వే రాశావంటున్నారు."

"నేను కాదు అని రాశానక్కా."

"రాసుంటావు. నాకు తెలీదా?" ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే ఎంత బాగుండేదో. "ఆ పాప తల్లి కూడా చూసుంటుందంటావా?"

చూసింది. నేను ఫోను తెరిచేసరికి కింద వరసగా వచ్చి పడి ఉన్నాయి మాటలు. అందులో ఆవిడది చిన్నది. "నా బిడ్డ ఇంక ఆవిడ చేతి ముద్ద తినదు." దాచేద్దామనుకున్నాను. వదిన నా భుజం మీదుగా చదివేసింది. తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

అయితే కథ అక్కడైనా ఆగిందా? మా అమ్మాయి యాప్ చేసినవాళ్ళతో ఫోన్లో వాదిస్తుంటే, "నా తప్పు నేనే దిద్దుతాను" అని మా ఆయన కంప్యూటర్ దగ్గర కూర్చుని, పేపర్లో సవరణ వేసినట్టే పద్ధతిగా ఒకటి రాసి పంపేశారు. *సవరణ: బడి పిల్లల అస్వస్థతకు సంబంధించి క్యాంటీన్ వంటామె…* అన్నంతవరకూ వెళ్ళింది ఊరి ఫోన్లలోకి. మిగిలిన క్షమాపణంతా చుక్కల్లో కలిసిపోయింది.

"నాన్నా, పంపేశావా!" అని అమ్మాయి నెత్తిన చేతులు పెట్టుకుంది.

"మళ్ళీ ఏం చేసిందట ఆవిడ?" అని అప్పుడే ఒకరు కింద రాశారు.

ఆ మధ్యాహ్నం మా ఇంట్లో జరిగిన పంచాయితీ ఏం చెప్పమంటారు! ప్రెస్సు ఆపేశారు. వాన రేకుల మీద దబదబ బాదుతోంది. కాగితాల మీద కాగితాలు చింపుతున్నారాయన.

"'కాదు' ముందు పెట్టు నాన్నా, అంతే" అంది అమ్మాయి.

"'కాదు కారణం వంటామె వంట.' ఇదేం తెలుగే? నాటకంలో రాక్షసుడు మాట్లాడినట్టుంది."

"పోనీ 'వంటామె నిర్దోషి' అను. చిన్నది, పడుతుంది."

"నిర్దోషి అంటే దోషం అంటగట్టి, బోనెక్కించి, దింపినట్టు. మీ అత్త మీద కేసెవడు పెట్టాడు? అసలు నేరమన్న ఊసే లేనిచోట నేను తీసుకొచ్చి పెట్టాలా?"

"మరి 'నీళ్ళే కారణం' అను!"

"ఆ మాట కాస్త నయం..." అని ఆయన రాసుకున్నారు. ఈలోగా గుమ్మంలోంచి వదిన గొంతు వినపడింది. ఎప్పుడొచ్చి నిలబడిందో మేం చూడలేదు.

"ఒరేయ్, నన్ను మళ్ళీ మోగించకురా" అంది. "పొద్దున్నుంచీ రెండుసార్లు మోగించావు. మంచిగా రాసినా సరే, వంటామె అన్న మాట వినపడగానే ఊళ్ళో అందరూ నా వైపు తిరిగి చూస్తున్నారు. నేనేం చెయ్యలేదన్న సంగతి నన్ను చూపించకుండా చెప్పలేవా నువ్వు?"

మా ఆయన పెన్సిల్ కింద పెట్టేశారు. "నీళ్ళంటే మాత్రం ఎవరు నొక్కుతారే? వానాకాలం నీళ్ళ వార్తలు రోజూ ఉండేవే" అన్నారు నాతో, దిక్కుతోచనట్టు. "ఇంతకాలం రాసి... మా అక్కకి ఒక్క మాట రాయలేకపోతున్నాను."

ఆ మాటకి నా గుండె తరుక్కుపోయింది. గుండె తరుక్కుపోతే నాకు ఏడుపు రాదు, అరుపొస్తుంది.

"హెడ్డింగూ లేదు, నా తలకాయా లేదు! నాకైతే నడివీధిలో నిలబడి కాదు, కాదు, కాదు అని గొంతు చించుకుని అరవాలనుంది! ఆ పోయిన ముక్క తప్ప ఇంకేం అక్కర్లేదు నాకు!"

ఆయన నా వైపు చూశారు. తర్వాత కంప్యూటర్ దగ్గరికి కుర్చీ జరుపుకున్నారు. అక్షరాలు వేళ్ళ మీద లెక్కపెట్టుకోలేదు, పెన్సిల్ కొరకలేదు. కూర్చున్నది కూర్చున్నట్టే రాశారు. మా అమ్మాయి అది ముందు తాతగారి పాత ఫోనుకి పంపి, తెరిచి చూసి, "మొత్తం వచ్చింది నాన్నా" అంది. అప్పుడు ఊరికి పంపారు.

*కాదు.*

హెడ్డింగు అంతే. నొక్కితే లోపల ఇలా ఉంది:

"ఈ పొద్దున మీ ఫోన్లలో తెగిపోయిన మాట ఇది. పిల్లలకి జబ్బు చేసింది వంట వల్ల కాదు. బడి వెనక గొట్టం పగిలి నీళ్ళలో మురుగు కలవడం వల్ల. ఆ మాటని చివర పెట్టింది నేను. మీ చేతిలో ఉన్న ఫోనులో అది కనపడుతుందో లేదో చూసుకోనిది కూడా నేనే. మీలో ఒకరు ముందే చెప్పారు, నేను చదవలేదు. వంట చేసే మనిషి నా అక్క. ఆమె చేతి అన్నం తిని పెరిగాను కనక నా మాట మీరు నమ్మక్కర్లేదు. రిపోర్టు మొత్తం కింద పెట్టాను, చదువుకోండి. అడగాల్సింది నన్నడగండి."

మా పేపర్లో ఆయన 'నేను' అని రాయడం నేనెప్పుడూ చూడలేదు.

కాసేపటికి మొదలయ్యాయి టింగులు, ఈసారి మా వైపుకి. "ఏది కాదు?" "ఏం కాదండీ? హడిలి చచ్చాం." "మా అత్తగారు 'కాదు' ఏంటని అందరికీ ఫోన్లు చేస్తున్నారు." ఏది కాదో తెలుసుకోవడానికి ఊరు ఊరంతా నొక్కింది. నొక్కినవాళ్ళు చదివారు. మెల్లగా మాట మారింది. "అయ్యో, పొద్దున తొందరపడ్డాను." "నేను రాసింది తీసేస్తున్నాను, ఆవిడకి చెప్పండి." నీలం రెయిన్‌కోటావిడే అనుకుంటాను, "రొట్టెల కొట్లో మీరు గొడుగు మర్చిపోయారు" అని రాసింది. ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. "అక్క కాబట్టి ఇంత రాశారు, మా అక్కకైతే రాస్తారా?" అని ఒకాయన అడిగాడు.

మా ఆయన కుర్చీ తెచ్చి నా పక్కన వేసుకున్నారు. ఒంటి వేలితో అక్షరం అక్షరం వెతుక్కుంటూ ఆయనకి తనే జవాబు రాశారు. "మీ అక్కగారికీ రాస్తాను. రాయకపోతే ఇక్కడే నిలదీయండి."

ఇస్త్రీపెట్టె కూడా వచ్చింది. "ఇవాళ తోక ఒక్కటే వచ్చింది. మిగతా జంతువేదీ?"

మేం ముగ్గురం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాం. మా ఆయన, "అయ్యా, తమరెన్నిసార్లు చెప్పినా చెవిన పెట్టలేదు. తప్పు మాది. రేపట్నుంచి పాత ఫోన్లో చూశాకే పంపుతాం" అని రాసి, పంపే ముందు నన్ను "'తమరు' బాగుందా, 'మీరు' అననా?" అని అడిగారు. తిట్టాను. పంపారు. నిజంగానే ఆ రోజు నుంచీ ఫోను హెడ్డింగు వేరే, పేపరు హెడ్డింగు వేరే అయ్యాయి. ఫోనుదానికి ఆఖరి మెట్టు మొదట్లోనే ఉండాలి. ఆయనకి ప్రాణసంకటమే, రోజూ గొణుగుతూనే రాసేవారు.

వదిన ఇవేవీ చదవలేదు. నేను పరిగెత్తుకెళ్ళి, "వదినా, క్షమించమని రాస్తున్నారు! ఎంతమందో!" అంటే, తల ఊపి ఒకటే అడిగింది.

"పాప తల్లి రాసిందా?"

రాయలేదు. మర్నాడూ రాయలేదు. ఆ మర్నాడూ రాయలేదు. ఆవిడ అన్న ఆ మాట అక్కడే అలాగే ఉంది. తీసెయ్యనూ లేదు, మార్చనూ లేదు. రోజుకి ఎన్నిసార్లు తెరిచి చూసేదాన్నో నాకే తెలీదు. నాకా తల్లి మీద కోపం కూడా వచ్చేది. వదినేమో, "దాన్నేమీ అనకే. పిల్లకి సెలైన్ ఎక్కుతుంటే పక్కన కూర్చున్నది అది" అనేది.

వానలు కాస్త తెరిపిచ్చాక, కొత్త గొట్టం వేసి, నీళ్ళు మళ్ళీ పరీక్ష చేయించి, హెడ్మాస్టర్ తాళంచెవి స్వయంగా పట్టుకొచ్చి ఇచ్చాడు. వదిన తీసుకుంది గానీ మొహంలో వెలుగు లేదు.

"రేపు నువ్వు కూడా రావే, వడ్డించడానికి" అంది నాతో. ఇంత వయసొచ్చాక, మొదటిసారి బడికెళ్ళే పిల్లలా నన్ను తోడు రమ్మంటోంది. "ఒక్కరూ రాకపోతే ఆ గిన్నెల ముందు ఒక్కదాన్నే నిలబడలేను."

వెళ్ళాను. గంట కొట్టారు. పొడుగాటి బల్లలు, తడి బూట్ల వాసన, పిల్లల గోల. వచ్చారు, అయితే సగం మందే వచ్చారు. మిగతా సగం ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్న డబ్బాలు పట్టుకుని దూరం బల్లల దగ్గర కూర్చున్నారు. వదిన వాళ్ళ వైపు చూడకుండా ఉండడానికి నానా తంటాలు పడుతోంది.

అప్పుడొచ్చింది ఆ పాప, వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని. పిల్ల ఇంకా పీలగానే ఉంది. తల్లి తిన్నగా మా దగ్గరికొచ్చి, దొంతర్లోంచి ప్లేటు తీసి వదిన ముందు పట్టింది. పిల్ల కోసం కాదు, తనకోసం. వదిన అన్నం పెట్టి కూర వేసింది. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆవిడ అక్కడే నిలబడి కలుపుకుంది, ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. హెడ్మాస్టర్ గుమ్మంలో కొయ్యబారిపోయాడు. ఆవిడ నమిలి మింగి, ఇంకో ముద్ద పెట్టుకుంది. మళ్ళీ నమిలింది.

"ఉప్పు కాస్త తగ్గిందండీ" అంది వదినతో.

వదిన గరిటె కింద పెట్టింది. "ఉండమ్మా, తెస్తాను" అని లోపలికెళ్ళింది.

వెళ్ళిన మనిషి ఎంతకీ రాదే! ఆ తల్లి పిల్లని బల్ల దగ్గర కూర్చోబెట్టుకుని ఉప్పు కోసం ఎదురుచూస్తోంది. ఇంక ఆగలేక నేనే లోపలికి వెళ్ళాను. వదిన ఉప్పు డబ్బా గుండెలకి అదుముకుని గోడకి ఆనుకుని నిలబడి ఉంది. కళ్ళ వెంట ధారలు కారిపోతున్నాయి.

"ఉప్పు తగ్గిందట" అంది. "విన్నావా? అందరి ముందూ మొహమాటం లేకుండా అనేసింది. ఉప్పు తగ్గిందటే!"

"తగ్గిందా మరి?" అన్నాను.

"తగ్గే ఉంటుంది. పొద్దుట్నుంచీ చేతులు నా స్వాధీనంలో ఉంటేగా, ఏం వేశానో ఏం మానానో." మోచేత్తో కళ్ళు తుడుచుకుంది, ముక్కు ఎగబీల్చింది, నవ్వింది. డబ్బా నా చేతిలో కుక్కింది. "నువ్వు పట్టుకెళ్ళు, నేను మొహం కడుక్కుని వస్తాను. వెళ్ళవే, అన్నం చల్లారిపోతుంది. కూర కూడా అడిగి మళ్ళీ వెయ్యి."

నేను ఉప్పు తీసుకుని వెళ్ళేసరికి ఆవిడ పక్కకి జరిగి కూతురిని ప్లేటు ముందుకి లాక్కుంటోంది. నేను కాస్త ఉప్పు వేశాను. ఆవిడ కలిపి, పిల్ల నోటికి ముద్ద అందించింది.